ఆకు మీద మచ్చ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు చెట్ల ఆకుల గురించే. అది సహజం. మన అనంతపురం, కడప, కర్నూలు వైపు వానలు బాగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. అవి వెనక్కి తగ్గీ తగ్గకముందే రాత్రి మంచు మొదలవుతుంది. ఆకు గంటల తరబడి తడిగా ఉండే రోజులు మనకు ఏడాదిలో కొన్నే, శిలీంధ్రం (ఫంగస్) పని కానిచ్చుకునేది ఆ రోజుల్లోనే. జవాబులన్నిటికీ వర్తించే మాట ఒకటి ముందే చెప్పాలి. మచ్చ పడిన ఆకును ఏ మందూ మళ్లీ పచ్చగా చేయలేదు. మందు కాపాడేది ఇంకా మచ్చ పడని ఆకును, రాబోయే చిగురును. అందుకే ఏ మందు అని అడిగే ముందు ఏ తెగులు, ఏ అదను అని అడగాలి.

ప్రశ్న: మా ఇంటి ముందర నలభై ఏండ్ల యాపచెట్టు ఉంది. వానలు పడినాక కొమ్మల కొనలు మంటకు కమిలినట్టు ఎండిపోయినాయి. ఎండిన ఆకు రాలకుండా కొమ్మకే వేలాడుతోంది. రోడ్డుకు అటుపక్క చెట్లూ అట్లే ఉన్నాయి. చెట్టు చచ్చిపోతుందా? ఏం కొట్టాల? పక్కనే రెండేండ్ల యాప మొక్కలు కూడా ఉన్నాయి. (కళ్యాణదుర్గం)

మీరు రాసిన లక్షణాలు వేపలో వచ్చే కొమ్మ ఎండు తెగులువి. దీనికి కారణం ఫోమోప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం. మన దేశంలో దీన్ని 1990ల నుంచే గుర్తించారు. 2021 వర్షాకాలంలో తెలంగాణలోనూ మన రాష్ట్రంలోనూ ఊళ్లకు ఊళ్లు వేపచెట్లు ఎర్రబారడంతో అందరి దృష్టిలో పడింది. అప్పుడు ఎండినట్టు కనిపించిన చెట్లలో ఎక్కువ భాగం తర్వాతి చైత్రానికి మళ్లీ చిగిర్చాయి. నలభై ఏళ్ల చెట్టు ఒక్క ఏడాది దెబ్బకు చావదు. దయచేసి గొడ్డలి పట్టకండి.

అయితే ముందు అది ఈ తెగులేనని తేల్చుకోవాలి, ఎందుకంటే వేప కొనలు ఎండడానికి మరో రెండు కారణాలున్నాయి. ఎండిన కొమ్మ ఒకటి తెంచి, పచ్చగా ఉన్న భాగం వైపు నుంచి చాకుతో నిలువునా చీల్చండి. తెగులైతే లోపలి కొయ్య గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది, ఆ రంగు కొన నుంచి కిందికి దిగుతూ వచ్చి ఒకచోట ఆగుతుంది. వానల తర్వాత ఎండిన బెరడు మీద గసగసాలకన్నా చిన్న నల్లటి చుక్కలు కనిపిస్తాయి. తెగులును వ్యాపింపజేసే శిలీంధ్ర బీజాలు పుట్టేది వాటిలోనే. వాన చినుకు వాటి మీద పడి చిందినప్పుడు పక్క చిగుళ్లకు చేరతాయి.

రెండో కారణం టీ దోమ. పేరులో దోమ ఉన్నా ఇది రసం పీల్చే నల్లి జాతి పురుగు. లేత కాడ మీద నల్లగా, గుంట పడినట్టున్న గాట్లు, వాటి దగ్గర జిగురు చుక్కలు కనిపిస్తే ఇది వచ్చి పోయినట్టే. చాలాచోట్ల రెండూ కలిసే ఉంటాయి. పురుగు పొడిచిన గాయం శిలీంధ్రానికి దారి ఇస్తుంది. మూడోది వేరు దెబ్బతినడం. మొదలు చుట్టూ సిమెంటు పోయడం, కాలువ కోసం ఒక వైపు వేళ్లు నరకడం లాంటివి జరిగితే కొనలు అక్కడక్కడా కాకుండా ఒక పక్క కొమ్మలన్నీ ఒకేసారి వాడతాయి. రోడ్డుకు అటువైపు చెట్లూ మీ చెట్టులాగే ఉన్నాయన్నారు కాబట్టి మీది వేరు సమస్య కాదనే అనుకుంటున్నాం.

ఇప్పుడు పని. పెద్ద చెట్టుకు మందు కొట్టమని మేం చెప్పం. ముప్పై నలభై అడుగుల చెట్టు కొనలకు చేతి పంపు మందు అందదు. అందేలా యంత్రంతో కొట్టినా సగం మందు పక్కింటి వాకిట్లో, నీళ్ల తొట్లలో పడుతుంది. చేతికి అందే కొమ్మల్లో ఎండిన భాగానికి కింద రెండు మూడు అంగుళాలు పచ్చి కొయ్య కలిపి కోసి, అదే రోజు కాల్చేయండి. కుప్పేసి ఉంచితే తర్వాతి వానకు అక్కడి నుంచే బీజాలు లేస్తాయి. మొదలు చుట్టూ సిమెంటు ఉంటే కనీసం మూడడుగుల మేర పగలగొట్టించండి. ఎండాకాలంలో చెట్టు మొదలుకు ఆనించకుండా, కొమ్మల నీడ అంచు కింద పాది చేసి, పదిహేను రోజులకోసారి నేల బాగా నానేలా నీళ్లు పెట్టండి. చెట్టు తనంతట తాను కోలుకోవడానికి ఇంతకు మించిన సాయం లేదు.

రెండేళ్ల మొక్కల సంగతి వేరు. కొన మాటిమాటికీ చస్తే మొక్క పైకి లేవదు, గుబురుగా మిగిలిపోతుంది. వీటికి మందు కొట్టొచ్చు, కొట్టాలి కూడా. మే నెలలోనే ఎండు కొనలు కోసేయండి. తొలకరికి కొత్త చిగురు రెండు మూడు అంగుళాలు రాగానే కార్బండజిమ్ 50 శాతం పొడి మందు లీటరు నీటికి 1 గ్రాము చొప్పున, చిగురు, కాడ రెండూ తడిసేలా పిచికారీ చేయండి. పొడిని నేరుగా బకెట్లో వేయకండి. ముందు చెంబెడు నీళ్లలో పల్చటి ముద్దలా కలిపి, ఆ తర్వాత మొత్తం నీళ్లలో పోయాలి. లేకపోతే ఉండలు కట్టి నాజిల్‌లో ఇరుక్కుంటుంది. రెండేళ్ల మొక్కకు లీటరు నుంచి రెండు లీటర్ల ద్రావణం చాలు. ఇరవై రోజులకు రెండోసారి థయోఫానేట్ మిథైల్ 70 శాతం పొడి మందు లీటరుకు 2 గ్రాములు కొట్టవచ్చు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇది మొక్కలోకి వెళ్లాక కార్బండజిమ్‌గానే మారుతుంది. అంటే పేరు మారినా మందు ఒకటే. అందుకే సెప్టెంబరులో మూడోసారి అవసరమైతే ఈ రెండూ కాకుండా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు వాడండి. ఒకే రకం మందు ఏళ్ల తరబడి కొడితే దానికి లొంగని శిలీంధ్రమే మిగిలి పెరుగుతుంది.

టీ దోమ గాట్లు ఉంటేనే పురుగు మందు. థయామిథాక్సామ్ 25 శాతం, నీటిలో కలిసే గుళిక మందు, 10 లీటర్ల నీటికి 2 గ్రాములు. పూత ఉన్నప్పుడు ఇది వద్దు. వేప పూత మీద తేనెటీగలు వాలతాయి.

ప్రశ్న: ఈ తెగులు వచ్చిన వేపచెట్టు పువ్వును ఉగాది పచ్చడిలో వాడొచ్చా? ఆకు మేకలకు వేయొచ్చా? (గార్లదిన్నె)

మందు కొట్టని చెట్టయితే వాడొచ్చు. ఈ శిలీంధ్రం చెట్టుకు వచ్చేదే తప్ప మనిషికీ మేకకూ వచ్చేది కాదు. ఎండి నల్లబడిన పూత వదిలేసి శుభ్రమైనది కోసుకోండి. మందు కొట్టిన మొక్కల ఆకు, పూత మాత్రం ఆ ఏడాదికి నోటి దగ్గరికి రానివ్వద్దు. మందు కొట్టేది వానకాలంలో, పూత వచ్చేది ఎండలకు ముందు. మధ్యలో నెలల ఎడం ఉన్నా ఇంట్లో వాడకానికి ఒక చెట్టును మందు తగలకుండా ఉంచుకోవడం మేలు. విత్తనం కోసం పండ్లు ఏరేవాళ్లు తెగులు లేని చెట్టు నుంచే ఏరాలి. ఈ శిలీంధ్రం గింజలోనూ ఉండగలదు.

ప్రశ్న: మా బేనిషా మామిడి తోటలో ఆకుల మీద నల్లగా పట్టింది. కొన్ని ఆకులకు మచ్చలు, చిల్లులు కూడా ఉన్నాయి. పోయిన ఏడు పూతంతా నల్లబడి రాలిపోయింది. అంగట్లో అడిగితే నాలుగు మందులు కలిపి ఇచ్చినారు. గుణం కనపడలేదు. (బద్వేలు)

నాలుగు మందులు కలిపి ఇవ్వడం వైద్యం కాదు. మీ తోటలో ఒకటి కాదు, రెండు మూడు సమస్యలు ఉండొచ్చు, వాటిలో ఒకటి అసలు తెగులే కాకపోవచ్చు. ఒక చిన్న పరీక్ష చేయండి. తడి గుడ్డతో ఆకును తుడవండి.

నలుపు గుడ్డకు అంటుకుని, కింద ఆకు పచ్చగా కనిపిస్తే అది మసి తెగులు. ఈ శిలీంధ్రం ఆకులోకి దిగదు. తేనెమంచు పురుగు, పిండినల్లి లాంటివి విసర్జించే తీపి జిగురు మీద బతుకుతుంది. ఆకుకు ఎండ అందకుండా చేసి చెట్టును బలహీనం చేస్తుంది. దీనికి శిలీంధ్ర మందు కొడితే డబ్బు దండగ, పురుగు పోతేనే మసి పోతుంది. ఉన్న మసిని రాల్చడానికి మంచి ఉపాయం గంజి. కిలో మైదాను 5 లీటర్ల నీళ్లలో ఉండలు లేకుండా ఉడికించి, చల్లారాక 20 లీటర్లకు పల్చన చేసి, వడగట్టి, ఎండ కాసే రోజు పిచికారీ చేయండి. ఆకు మీద పొరలా ఎండి, మసితో సహా పెచ్చులుగా ఊడిపోతుంది. మబ్బు పట్టిన రోజు చేస్తే ఆరక, ఉన్న బూజుకు ఇంకాస్త మేత అవుతుంది.

గుడ్డకు తెల్లటి పొడి అంటితే బూడిద తెగులు. ఇది ఎక్కువగా పూత మీద, లేత ఆకు అడుగున వస్తుంది. రాత్రి చలి, పగలు ఎండ, ఉదయం మంచు ఉండే జనవరి, ఫిబ్రవరి దీనికి అదను. మిగతా ఆకుమచ్చ తెగుళ్లలాగా దీనికి ఆకు మీద నీళ్లు నిలవాల్సిన పని లేదు, గాలిలో తేమ చాలు. వాన లేకపోయినా వచ్చేది అందుకే.

ఎంత తుడిచినా పోకుండా, గోధుమ లేక నలుపు రంగులో వంకరటింకర అంచులతో ఉండి, ముదిరాక మధ్య భాగం రాలి చిల్లు పడితే అది ఆంత్రాక్నోస్, మన రైతులు మచ్చ తెగులు అనేది. కారకం కొల్లెటోట్రైకమ్ శిలీంధ్రం. పూత మీద సన్నటి నల్ల చుక్కలుగా మొదలై, కలిసిపోయి, గెల మొత్తం మాడిపోతుంది. పిందె దశలో పట్టి, కాయ పచ్చిగా ఉన్నంతకాలం కనపడకుండా దాగి, మాగేటప్పుడు నల్ల మచ్చలుగా బయటపడేదీ ఇదే. తోటలో బాగున్న కాయ మండీలో మచ్చలు తేలిందంటే రవాణాలో నలిగిందని అనుకుంటారు. అన్నిసార్లూ అది నలుగుడు కాదు.

మీరు రాసిన చిల్లులు, పూత నల్లబడడం చూస్తే ఆంత్రాక్నోస్ ఉందనే అనిపిస్తోంది. దీనికి పని పూతలో కాదు, కోత అయిన వెంటనే మొదలవ్వాలి. జూన్, జూలైల్లో ఎండుపుల్లలు, చెట్టు నడుమ ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేయండి. లోపలికి ఎండ, గాలి వెళ్లాలి. మధ్యాహ్నం చెట్టు కింద నిలబడి పైకి చూస్తే అక్కడక్కడా ఆకాశం కనపడాలి. ఎండుపుల్ల కోసేటప్పుడు పచ్చి భాగం రెండు మూడు అంగుళాలు కలిపి కోయాలి. కోసినవన్నీ కాల్చాక కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి చెట్టంతా తడపండి. తర్వాత వానల్లో ఎర్ర చిగురు వచ్చినప్పుడు మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు. ఆకు ఎర్రగా, మెత్తగా ఉన్న ఆ పదిహేను రోజులే దానికి ప్రమాదం. ముదిరి గట్టిపడ్డాక తెగులు అంత సులువుగా దిగదు.

పూత మొగ్గ విచ్చుకోకముందు, గెల నాలుగైదు అంగుళాలు ఉన్నప్పుడు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కొడితే బూడిద తెగులు ఆగుతుంది. ఆంత్రాక్నోస్ చరిత్ర ఉన్న తోట కాబట్టి అదే దశలో, గంధకం కొట్టిన వారం తర్వాత కార్బండజిమ్ లీటరుకు 1 గ్రాము. పూత పూర్తిగా విచ్చుకున్న రోజుల్లో ఏదీ కొట్టకండి. ఈగలు, తేనెటీగలు రాకపోతే కాయ నిలవదు. పిందె బఠాణీ గింజంత అయ్యాక బూడిద ఇంకా కనపడితే హెక్సాకొనజోల్ 5 శాతం మందు లీటరుకు 2 మిల్లీలీటర్లు. పగటి వేడి 35 డిగ్రీలు దాటాక గంధకం ముట్టుకోవద్దు, ఆకు, పిందె మాడతాయి. బద్వేలు వైపు ఫిబ్రవరి చివరికే ఎండ ముదురుతుంది కాబట్టి గంధకాన్ని జనవరిలోనే ముగించండి.

కాపు పెద్దగా ఉండే చెట్టుకు పది లీటర్ల ద్రావణం పైనే పడుతుంది. నాలుగు లీటర్లతో అయిపోగొడితే కింది కొమ్మలే తడుస్తాయి. గుణం కనపడలేదనే ఫిర్యాదుల్లో సగం దగ్గర అసలు కారణం ఇదే. తేనెమంచు పురుగుల కోసం అయితే చెట్టు మొదలు మీద, కొమ్మల చీలికల్లో కూడా మందు పడాలి. పూత లేని కాలంలో అవి దాక్కునేది బెరడు పగుళ్లలోనే.

ప్రశ్న: బోర్డో మిశ్రమం ఇంట్లో చేసుకుంటే చౌక అంటారు. రెండుసార్లు చేసినా ఆకులు మాడినాయి. ఎక్కడ తప్పు? (నార్పల)

బోర్డో మిశ్రమం అంటే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం నీళ్లలో కలిపి చేసే శిలీంధ్ర మందు. మీకు మాడింది సున్నం చాలక. మైలుతుత్తంలోని రాగి నీటిలో స్వేచ్ఛగా ఉంటే ఆకును కాలుస్తుంది. సున్నం దాన్ని పట్టి కరగని రూపంలోకి మారుస్తుంది. అది ఆకు మీద పొరలా అంటుకుని, తడి తగిలినప్పుడల్లా కొద్దికొద్దిగా రాగిని వదులుతుంది. శిలీంధ్ర బీజాన్ని చంపడానికి ఆ కొద్దే చాలు. 1885 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్షతోటల్లో మిలార్డె అనే శాస్త్రవేత్త దీన్ని వెలుగులోకి తెచ్చిన నాటి నుంచి నేటి వరకు సూత్రం మారలేదు.

ఒక శాతం మిశ్రమానికి కొలత ఇది: మైలుతుత్తం 1 కిలో, రాతి సున్నం 1 కిలో, నీళ్లు 100 లీటర్లు. చిన్న పెరటికైతే 100 గ్రాములు, 100 గ్రాములు, 10 లీటర్లు. ప్లాస్టిక్ డ్రమ్ములు లేదా మట్టి తొట్లే వాడండి. ఇనుము, జింకు రేకు బకెట్లను రాగి తినేస్తుంది, మిశ్రమం కూడా చెడుతుంది. మైలుతుత్తాన్ని పల్చటి గుడ్డలో మూటగట్టి 50 లీటర్ల నీళ్లలో పైభాగంలో మునిగేలా రాత్రి వేలాడదీస్తే తెల్లారేసరికి కరిగి ఉంటుంది. అడుగున వేస్తే కరగడానికి చాలాసేపు పడుతుంది. సున్నాన్ని ముందు కొద్ది నీళ్లతో చల్లి విరగనిచ్చి, పూర్తిగా చల్లారాక మిగతా 50 లీటర్లలో కలిపి వడగట్టండి.

ఇప్పుడు మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి సన్నగా పోస్తూ కర్రతో కలుపుతూ ఉండాలి. సున్నాన్ని మైలుతుత్తంలోకి పోయకూడదు. వేడిగా ఉన్నప్పుడు కలిపినా, తక్కువ నీళ్లలో చిక్కగా కలిపి తర్వాత పల్చన చేసినా రేణువులు ముతకబారి ఆకుకు అంటవు, అడుగున కూరుకుపోతాయి. సరిగ్గా కుదిరితే ఆకాశనీలం రంగులో, చాలాసేపు తేరుకోకుండా నిలుస్తుంది.

మీరు వదిలేసి ఉంటారని మేం అనుకునేది పరీక్ష. తుప్పు లేకుండా రుద్దిన కొడవలి కొనను మిశ్రమంలో ఒక నిమిషం ముంచి తీయండి. ఇనుము మీద ఎర్రటి రాగి పూత పడితే రాగి ఇంకా స్వేచ్ఛగానే ఉంది. మళ్లీ కొంచెం సున్నపు తేట పోసి కలిపి, మళ్లీ ముంచండి. ఎరుపు పడడం ఆగేంతవరకు ఇలాగే. సంచుల్లో వచ్చే పొడి సున్నం, గాలి తగిలి పాతబడిన సున్నం బలం తగ్గి ఉంటుంది. కిలోకు కిలో వేసినా చాలదు. కొలత సరిగ్గా ఉన్నా మాడేది అందుకే. తాజాగా కాల్చిన సున్నపు రాయి దొరికితే అదే తెచ్చుకోండి.

కలిపిన రోజే వాడేయాలి. వేరే ఏ మందూ అందులో కలపకూడదు. పూత మీద, లేత పిందె మీద కొట్టకూడదు. పని అయ్యాక పంపును రెండుసార్లు మంచి నీళ్లతో కడగండి.

చీనీ (బత్తాయి) చెట్ల మొదళ్లకు పూసే బోర్డో పేస్టుకు ఇవే రెండు సరుకులు కిలో చొప్పున 10 లీటర్ల నీళ్లలో కలపాలి. బంక తెగులు ఉన్నచోట, గాయాన్ని పచ్చి బెరడు వచ్చేదాకా చెక్కి, నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు వరకు వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి పూయండి.

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు అమెరికాలో టెక్సాస్‌లో ఉంటారు. వాళ్ల ఇంటి ముందు పెద్ద ఓక్ చెట్టు ఆకుల మీద బొబ్బలు వచ్చి గోధుమ రంగుకు మారుతున్నాయట. ఫోటోలు పంపింది. చెట్టు కొట్టించాలేమోనని భయపడుతోంది. మన దగ్గర సిల్వర్ ఓక్‌కూ ఇలాంటివి వస్తాయా? (కర్నూలు)

ముందు రెండో ప్రశ్న. సిల్వర్ ఓక్ అసలు ఓక్ కాదు, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గ్రెవిల్లియా. ఓక్‌ల తెగుళ్లు దానికి రావు. మన దేశంలో నిజమైన ఓక్ అడవులు హిమాలయ సానువుల్లో ఉన్నాయి, మన ఎండలకు దూరంగా.

ఇక మీ అమ్మాయి చెట్టు. ఆకు పై వైపు ఉబ్బి, అదే చోట కింది వైపు గుంటలా ఉంటే అది ఓక్ ఆకు బొబ్బ తెగులు. కారకం టాఫ్రినా కెరులెసెన్స్ అనే శిలీంధ్రం. చలి వదిలి మొగ్గ విచ్చుకునే వసంతంలో చల్లగా, తడిగా ఉంటే బీజాలు లేత ఆకులోకి దిగుతాయి. బొబ్బలు మొదట లేతాకుపచ్చగా ఉండి, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతాయి. ఎండలు ముదిరేసరికి కొన్ని ఆకులు రాలతాయి. చూడడానికి భయంగా ఉంటుంది గానీ చెట్టు ఆరోగ్యాన్ని పెద్దగా దెబ్బతీయదు. బొబ్బలు కనిపించాక మందు కొట్టి ప్రయోజనం లేదు. ఏటా తీవ్రంగా వచ్చే చెట్టుకు మాత్రం, చలికాలం చివర మొగ్గలు ఉబ్బి ఇంకా విచ్చుకోకముందు క్లోరోథాలోనిల్ లేదా మాంకోజెబ్ ఒక్కసారి అక్కడి లేబుల్ మీద రాసిన మోతాదులో కొట్టిస్తారు. బీజాలు చలికాలమంతా మొగ్గ పొలుసుల్లోనే దాగి ఉంటాయి కాబట్టి ఆ ఒక్క అదనే పనికొస్తుంది. మొగ్గ విచ్చుకున్న వారానికి కొడితే ఆలస్యమే.

బొబ్బలు కాకుండా ఈనెల వెంబడి గోధుమ రంగు మరకలు, అదీ కింది కొమ్మల్లో ఎక్కువగా ఉంటే అది ఓక్ ఆంత్రాక్నోస్. దానికీ రాలిన ఆకు ఊడ్చి తీసేయడం, ఎండు కొమ్మలు తీయడం, కరువు రోజుల్లో నీళ్లు పెట్టడం చాలు. వేసవి చివర్లో ముదురు ఆకుల మీద వచ్చే గుండ్రటి మచ్చలు టుబాకియా అనే మరో శిలీంధ్రానివి. అప్పటికి ఆకు తన పని చాలావరకు చేసేసి ఉంటుంది కనుక వాటికి మందే అక్కర్లేదు.

అయితే టెక్సాస్ అన్నారు కాబట్టి ఒక విషయంలో మాత్రం జాగ్రత్త పడమనండి. అక్కడ ఓక్ విల్ట్ అనే ప్రాణాంతకమైన తెగులు ఉంది. అది ఆకు తెగులు కాదు. చెట్టులో నీళ్లు పారే నాళాలను మూసేసే శిలీంధ్రం. లైవ్ ఓక్ రకంలో ఆకు మిగతా భాగం పచ్చగా ఉండగానే ఈనెలు పసుపు, గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆకులు కుప్పలుగా రాలి, చెట్టు నెలల్లోనే చచ్చిపోవచ్చు. పక్కపక్క చెట్ల వేళ్లు నేలలో కలిసిపోయి ఉంటాయి కనుక ఒకదాని నుంచి మరొకదానికి పాకుతుంది. తాజాగా కోసిన గాయం మీద వాలే చిన్న పెంకు పురుగులు కూడా మోసుకొస్తాయి. అందుకే అక్కడ ఫిబ్రవరి నుంచి జూన్ చివరి వరకు ఓక్ కొమ్మలు కోయవద్దంటారు. తప్పనిసరై కోస్తే ఏ నెలలోనైనా వెంటనే గాయానికి రంగు పూయాలి. చెట్టు బతకాలని భయంతో ఇప్పుడే కొమ్మలు కొట్టిస్తే, లేని తెగులును పిలిచినట్టవుతుంది. ఈనెలు పసుపు తిరిగిన గుర్తు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా అక్కడి లైసెన్సు ఉన్న చెట్ల నిపుణుణ్ని పిలిపించి, నమూనా ప్రయోగశాలకు పంపించమనండి. ప్రోపికొనజోల్ మందును చెట్టు మొదలులోకి ఎక్కించే వైద్యం ఉంది. అది ఇంకా తెగులు పట్టని, లేక ఇప్పుడిప్పుడే మొదలైన చెట్లకే పనిచేస్తుంది, శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి.

ప్రశ్న: నిమ్మ, చీనీ ఆకుల మీద పసుపు వలయంతో మచ్చలు. రెండుసార్లు కార్బండజిమ్ కొట్టినా తగ్గలేదు. (పులివెందుల)

బొటనవేలితో మచ్చను తడమండి. రెండు వైపులా ఉబ్బి, బెండు ముక్కలా గరుగ్గా తగిలితే అది గజ్జి తెగులు. అది బ్యాక్టీరియా వల్ల వచ్చేది, శిలీంధ్రం కాదు. కార్బండజిమ్ దాని మీద పనిచేయదు, ఎన్నిసార్లు కొట్టినా ఇదే జవాబు. నిమ్మకు ఎక్కువ, చీనీకి కొంత తక్కువ. లేత ఆకులో పాము పాకినట్టు వెండి గీతలు గీసే ఆకు తొలుచు పురుగు చేసిన గాయాల్లోంచి, ముళ్లు గుచ్చుకున్నచోటి నుంచి లోపలికి వెళ్తుంది. గజ్జి ఉన్న కొమ్మలు పొడి వాతావరణంలో కోసి కాల్చండి. తడిగా ఉన్నప్పుడు కోస్తే కత్తెరతోనే అంటిస్తారు. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కొత్త చిగురు వచ్చిన ప్రతిసారీ కొట్టండి. రాగి బ్యాక్టీరియాను కూడా అడ్డుకుంటుంది. చిగురు దశలో ఆకు తొలుచు పురుగును అదుపు చేయకుండా గజ్జి ఆగదు.

ప్రశ్న: ఆకు నమూనా పరీక్షకు పంపాలంటే ఎట్ల పంపాల? (ఎమ్మిగనూరు)

పూర్తిగా ఎండిన ఆకు పంపకండి. అందులో చచ్చాక చేరిన బూజులే దొరుకుతాయి. సగం మచ్చ, సగం పచ్చ ఉన్న ఆకులు పది పన్నెండు, వీలైతే కొమ్మతో సహా తీయండి. శిలీంధ్రం ప్రాణంతో ఉండేది ఆ సరిహద్దులోనే. కడగొద్దు, తడి చేయొద్దు. ప్లాస్టిక్ కవరులో వేస్తే చెమటపట్టి రెండు రోజుల్లో కుళ్లుతుంది. పాత వార్తాపత్రికలో మడిచి కాగితం కవరులో పెట్టండి. ఒక చీటీ మీద చెట్టు వయసు, మచ్చలు మొదట ఎప్పుడు, ఏ కొమ్మల్లో కనిపించాయి, అంతకుముందు వాన పడిందా, ఏ మందు ఏ మోతాదులో ఎన్నాళ్ల క్రితం కొట్టారు అన్నవి రాసి జత చేయండి. మందు కొట్టిన పది రోజుల్లోపు తీసిన నమూనాలో శిలీంధ్రం పెరగక పరీక్ష తప్పుదారి పట్టొచ్చు. మీకు బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం దగ్గర. అనంతపురం వైపు వాళ్లకు రెడ్డిపల్లి, కడప వైపు వాళ్లకు ఊటుకూరు. వారం మొదట్లో తీసుకెళ్లండి, శనివారం ఇచ్చిన ఆకు సోమవారానికి వాడిపోతుంది.